మామ బొడ్డు కింది గడ్డ

మా మేనమామకు బొడ్డు కింద నిమ్మకాయంత గడ్డ లేచి, మూత్రంలో నెత్తురు పడింది. చింతామణి టౌన్లో డాక్టరు నొక్కి చూసి, ఉచ్చతిత్తిలో క్యాన్సరు గడ్డ పుట్టినట్టుంది, బెంగళూరికి పోయి కోయించుకోమన్నాడు. ఆ మాటతో మామ సగం చచ్చాడు. మిగతా సగాన్ని బట్లహళ్ళి చుట్టాలు ఏడ్చి చంపారు.

"నేను పోతాండానురా అల్లుడా," అన్నాడు బస్సెక్కుతూ.

"బెంగళూరికే గదా మామా. మేమూ వస్తాండాములే," అన్నాను. చుట్టాలు కూడా ఎక్కారు.

ఆపరేషను అయ్యాక డాక్టరు అత్తనూ నన్నూ లోపలికి పిలిచి కన్నడంలో చెప్పాడు. తిత్తిలో ఏ గడ్డా లేదు. తల్లి కడుపులో ఉన్నప్పుడు బిడ్డ బొడ్డు నుంచి తిత్తికి ఒక సన్న గొట్టం ఉంటుందట. పుట్టేలోగా అది ఎండి మూసుకుపోవాలి. మామకది మిగిలిపోయి, ఇన్నేళ్ళకు చీము పట్టింది. కోసి తీసేశాడు, ఇక ప్రాణానికి భయం లేదు.

మామకు మెలకువ రాగానే అంతా చెప్పాను. ఆయన నమ్మలేదు.

"నన్ను ఊరడించను కతలు చెప్తాండావా? నీకేం తెలుసురా, బొడ్డూడని నాయాలా!"

"నాది పుట్టిన వారానికే ఊడింది మామా. ఈ పొద్దు ఊడింది నీదే."

మామ కుట్ల మీద చెయ్యి పెట్టుకుని, నవ్వలేక మూలిగాడు. అత్త నోట్లో కొంగు కుక్కుకుని, భుజాలు అదురుతుంటే వరండాలోకి పరుగెత్తింది. అక్కడ కాచుకున్న చుట్టాలు ఆమెను చూసి, ఒక్కసారిగా శోకాలు అందుకున్నారు.