నూకాలుకి అర్థమైన కవిత

ఉక్కునగరం క్వార్టర్సులో సీతారామాంజనేయుల్ని అందరూ కవిగారనే పిలుస్తారు గానీ, కవిత్వం చదవబోతే ఒక్కరూ నిలబడరు. తణుకు నుంచి వచ్చి రోలింగ్ మిల్లులో చేరిన మనిషి. షిఫ్టు దిగాక పద్యాలు రాస్తాడు. ఆ పద్యాల్లో సమాసాలు గూడ్సుబండి అంత పొడుగు.

మిల్లులో కొత్త యంత్రం బిగించడానికి వచ్చిన చైనా ఇంజనీరు ఒకాయన, టీ తాగుతూ వాళ్ల పాతకాలపు కవి గురించి చెప్పాడు. వెయ్యేళ్లు దాటినా ఆయన కవితలు అక్కడి పిల్లలకి నోటికొచ్చట. రాసిందల్లా ముందు ఒక ముసలమ్మకి వినిపించి, ఆవిడకి అర్థం కాని మాట కొట్టేసేవాడని చెప్పుకుంటారట.

ఆ ముక్క సీతారామాంజనేయుల్ని పట్టుకుని వదల్లేదు.

ఆదివారం అప్పికొండ నుంచి చేపలమ్మే నూకాలు వచ్చింది. ఆవిడ కత్తిపీట వేసుకుని వంజరం కోస్తుంటే, రిటైరై ఊరెళ్లిపోయిన నేస్తం అర్జునరావు మీద రాసింది అందుకున్నాడు.

"సుధాకరోదయవేళ సుహృద్వియోగఖిన్నుడనై..."

"ఏటి బాబూ, పెళ్లి మంత్రాలా?" అని నవ్వేసింది నూకాలు.

లోపల్నుంచి భార్య కామేశ్వరి కూడా నవ్వింది. ఆయనకి చిన్నతనమైనా, కలం తీసి కొట్టివేతలు మొదలెట్టాడు. వారం వారం వినిపించడం, నూకాలు తల అడ్డంగా ఊపడం. వేసవి గడిచి వానలు పడ్డాక ఓనాడు ఇలా చదివాడు:

"చందమామ వచ్చాడు. నువ్వు రాలేదు.
వరండాలో రెండు కుర్చీలు.
నీ దాంట్లో పిల్లి పడుకుంది."

నూకాలు చెయ్యి ఆగింది. "మా ఆయన ఏటకెళ్లి రాపోతే నానూ ఇలాగే సూత్తానండి, ఆడి మంచం ఏపు," అంది. మళ్లీ ముక్కలు కోస్తూ, "ఆ బాబుకి పోన్ సేసి సెప్పీండి మరి," అంది.

అప్పుడే ఫోన్ చేసి చదివాడు. అవతల నుంచి అర్జునరావు అడిగాడు:

"ఎవరు రాశార్రా?"

"నేనే."

"అబద్ధం. నాకు అర్థమైంది కదా!"

ఆ శనివారమే రైలు దిగాడు అర్జునరావు. కామేశ్వరి పులుసు పెట్టింది. పాత షిఫ్టుల కబుర్లు చెప్పుకుంటూ ఇద్దరూ కడుపారా తిన్నారు. చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాక, ఇన్నేళ్లలో ఎప్పుడూ అనని మాట అర్జునరావే అన్నాడు:

"ఇంకోటేదైనా ఉంటే చదవరా, వింటాను."