ఎస్తేరు ఆంటీ ఎంచిన మానిటర్

పెర్త్‌లో నేను పనిచేసే వార్డులో ఇవాళ పాత మానిటర్ తీసేసి కొత్తది బిగించారు. అట్టపెట్టె తెరవగానే థర్మాకోల్ కిర్రుమంది. ఆ వెంటనే కొత్త ప్లాస్టిక్ వాసన. తెర వేడెక్కుతున్నకొద్దీ ఘాటెక్కే ఆ వాసనంటే నాకు భలే ఇష్టం. టెక్నీషియన్ ఏదో చెబుతున్నాడు, నేను తలూపుతున్నాను. మనసు మాత్రం డార్విన్‌లో, వానలకు ముందరి ఉక్కపోతలో, ఎస్తేరు ఆంటీ వంటగదిలో ఉంది.

ఆమెను మీరెవరూ ఎరగరు కాబట్టి కాస్త చెప్పాలి. బాపట్ల వైపు మనిషి. డార్విన్‌లో ఒక ఆసుపత్రిలో గుండెజబ్బుల వార్డు నర్సు. ఎనిమిది మంది రోగుల గుండె గీతలు ఒకే తెర మీద కదులుతుంటే వాటిని కనిపెట్టుకుని కూర్చోవడం ఆమె ఉద్యోగం. మనిషి పొట్టి, గొంతు పెద్దది. ఆదివారం చర్చిలో ఆమె పాట ఎత్తుకుంటే పక్కవాళ్లు పెదాలు కదిపితే చాలు. నేను నర్సింగ్ రెండో ఏడాదిలో ఆమె ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాను. పేరుకే అద్దె గది. చారు తాలింపు వాసన వస్తే పిలవకుండానే పోయి బల్ల దగ్గర కూర్చునేదాన్ని.

ఆ రోజుల్లో నాకో పిచ్చి ఉండేది, ఆన్‌లైన్ పోకర్, డబ్బు పెట్టి తెర మీద ఆడే పేకాట. ఈ దేశంలో ఇంకా దాన్ని ఆపని కాలం అది. ఒక్క టేబుల్, అంటే ఒక్క ఆట, ఆడితే నాకు ఆవలింతలొచ్చేవి, అందుకని ఆరు టేబుళ్లు ఒకేసారి తెరిచేదాన్ని. నా లాప్‌టాప్ ఏమో చిన్నది. ఒక టేబుల్ మీద ఇంకో టేబుల్ ఎక్కి కూర్చునేది. కిందపడి కనబడని టేబుల్లో నా వంతు వచ్చి, గడువు దాటిపోయి, చేతిలో మంచి ముక్కలుండగానే ఆట నన్ను తప్పించేసేది. ఒళ్లు మండిపోయేది. పెద్ద మానిటర్ ఒకటి కొనేస్తే నా కష్టాలన్నీ గట్టెక్కుతాయనుకున్నాను.

అసలు కష్టం వేరే ఉంది, అది ఎవరికీ చెప్పలేదు. ఆసుపత్రిలో చేసే మొదటి శిక్షణలో నాలుగో బెడ్ ఆయన బీపీ తీసుకెళ్లి ఐదో బెడ్ చార్టులో రాశాను. మాకు పైన ఉండే ఫెసిలిటేటర్ వెంటనే పట్టుకుంది కనుక ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ‘ఈ అమ్మాయి దృష్టి రోగి మీద లేదు’ అని రిపోర్టులో రాసింది. రెండో శిక్షణ కూడా తప్పితే కోర్సులోంచి తీసేస్తారు. కోర్సు పోతే వీసా పోతుంది, మూటాముల్లె సర్దుకుని తెనాలి వెళ్లిపోవడమే. ఆ భయం మరిచిపోవడానికి ఇంకా ఎక్కువ ఆడేదాన్ని. తెలివంటే నాదే మరి!

ఒక మధ్యాహ్నం బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని ఆడుతుంటే ఆంటీ వెనక నుంచి తొంగిచూసింది.

“ఏందే సునీ అది, పచ్చపచ్చగా?”

దాచడానికి వ్యవధి లేదు. ప్రతి టేబుల్లోనూ కొన్ని క్షణాల్లో నిర్ణయం చెప్పాలని, ఆరూ ఒకేసారి చూసుకోవాలని, తెర చాలడం లేదని నసుగుతూ చెప్పాను. తిట్లు తప్పవనుకున్నాను.

“పేకాట నాకు ఇష్టం లేదు. ఆ మాట ఒక్కసారే చెప్తన్నా, అయిపోయింది” అంది. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుంది. “అయినా ఇది నా జాబే గదే. జీతం లేకుండా నువ్వు చేస్తన్నావు. మానిటర్ కొనాలంటావా? సాటర్డే నాకు డ్యూటీ లేదు. లంచ్ అయ్యాక పోదాం.”

షాపులో నేను నేరుగా అన్నిటికన్నా వెడల్పాటి మానిటర్ ముందుకు పోయి నిలబడ్డాను. అద్దంలా మెరిసిపోతోంది. ఆంటీ దాన్ని ఒక్క చూపు చూసి, “ఇందులో నా మొహం కనబడతంది, పైన ట్యూబ్‌లైటు కనబడతంది. పేషెంటు యాడ కనబడతాడు?” అంది. సేల్స్ కుర్రాడు అంగుళాల లెక్క చెప్పబోతే ఆపేసింది. తెర మీద అడ్డంగా ఎన్ని పిక్సెల్ చుక్కలు, నిలువునా ఎన్ని చుక్కలు అని ఇంగ్లీషులో అడిగింది. వాడు తడుముకున్నాడు. ఆమె తనే నాలుగు విండోలు నా టేబుళ్ల కొలతకు తెరిపించింది. వెడల్పాటి దానిలో పక్కలకు చోటు మిగిలిపోయింది గాని, పైవాటి అంచులు కిందివాటి మీదకు ఎక్కేశాయి. మూలన ఒక పాత మోడల్ ఉంది. చతురస్రంలా, మెరుపు లేకుండా, దుమ్ము పట్టి. పదహారు వందల చుక్కలు అడ్డం, పన్నెండు వందలు నిలువు. దానిలో నాలుగూ గీసినట్టు సరిపోయాయి.

“ఇదీ మానిటరంటే. ఒకటి ఇంకోదాని మీదికి ఎక్కిందంటే, కిందాయన లేనట్టే లెక్క.”

“నాలుగేనా ఆంటీ? నేను ఆరు ఆడతాను.”

“ఆరు ఆడతావో, ఆరు చూస్తావో? నాకు ఎనిమిది బెడ్లు. తొమ్మిదోది ఇస్తే మేనేజరైనా సరే, నో అంటా.”

మూతి ముడుచుకునే ఆ పాతదాన్ని కారెక్కించాను.

ఇంటికొచ్చాక దాన్ని బిగించడం ఒక తతంగం. కిటికీ వెలుగు తెర మీద పడకుండా పక్కకు తిప్పి పెట్టించింది, పై అంచు నా కంటి ఎత్తుకు రావాలని కింద రెండు పాత నర్సింగ్ పుస్తకాలు దూర్చింది, చెయ్యి చాపితే వేళ్లు తెరకు తగిలేంత దూరంలో నన్ను కూర్చోబెట్టింది. నాలుగు టేబుళ్లు తెరిచాను. టీ కప్పు పట్టుకుని ఆంటీ పక్కన కూర్చుంది. కాసేపయ్యాక ఒక టేబుల్‌ని చేత్తో కప్పేసింది.

“దీంట్లో మూడో సీటు వాడు ఏం చేస్తన్నాడో చెప్పు.”

“ఇందాకటి నుంచీ ముక్కలు పడేస్తూనే ఉన్నాడు. ఇప్పుడు ఉన్నట్టుండి పందెం పెంచాడు. వాడి తీరు కాదది. చేతిలో గట్టి ముక్కలున్నాయి.”

మిగతా మూడూ అడిగింది. అన్నీ చెప్పాను, గర్వంగానే చెప్పాను. ఆంటీ కప్పు కింద పెట్టింది.

“ఇంత చూపుందే నీకు. మొహం తెలీనోళ్ల తీరు కూడా పట్టేశావు. నాలుగో బెడ్డాయనకు ఇందులో ఒక్క పిసరు ఇయ్యలేకపోయావా?”

“మీకెవరు చెప్పారు?”

“డార్విన్ ఎంత ఊరే? ఆట మానెయ్యమంటే నువ్వు మానవు. అసలు నీకు చూపుందా లేదా అని చూద్దామనే షాపుకొచ్చా. ఉంది. ఇంక నాకు భయం లేదు.”

బల్ల మీద తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాను. నా దగ్గర ఫలానాది లేదని అందరూ చెప్పారు గాని, ఇది ఉందని చెప్పిన మనిషి ఆమె ఒక్కతే. ఏడుపు తగ్గాక తన పద్ధతి చెప్పింది. డ్యూటీ ఎక్కగానే తెర ముందు కూర్చోదట. ముందు ఎనిమిది బెడ్లకూ వెళ్లి, ప్రతి ఒక్కరి చెయ్యి పట్టుకుని, ఏం తిన్నారో, నిద్ర పట్టిందో అడిగి, అప్పుడొచ్చి కూర్చుంటుందట. “మనిషి తెలిస్తేనే గీత తెలుస్తది” అంది.

రెండో శిక్షణలో నేనదే చేశాను. ఆపరేషనైన పెద్దాయన ఒకాయన ఉండేవాడు, చేపల పడవల మీద బతికిన మనిషి. ఆసుపత్రి టీని ఆయన తిట్టని పూట లేదు. ఒకరోజు టీ ఇస్తే మారుమాట లేకుండా తాగేశాడు. బీపీ బాగానే ఉంది, నాడి బాగానే ఉంది. అది ఆయన తీరు కాదు, అంతే. నర్సు దగ్గరికి పరుగెత్తి, “అంకెలన్నీ బాగున్నాయి గాని ఆయన బాగాలేడు” అన్నాను. ఆమె నవ్వకుండా వచ్చి చూసి డాక్టర్ని పిలిచింది. కాసేపటికే బీపీ పడిపోయింది. లోపల రక్తం కారుతోంది. అప్పటికే అందరూ సిద్ధంగా ఉండబట్టి ఆయన బతికాడు. నేను పాసయ్యాను.

ఎగురుకుంటూ ఇంటికొచ్చి ఆంటీకి చెప్పాను. మెచ్చుకుంటుందని మొహంలోకి చూశాను. ఆమె పొయ్యి కట్టేసి, నా ఎదురుగా కూర్చుంది.

“నేను కొత్తలో ఒకరోజు లేటుగా పోయా. బెడ్ల దగ్గరికి పోకుండా నేరుగా స్క్రీను ముందు కూర్చున్నా. ఒకాయన గీత మామూలుగానే ఉంది, ఎవరికైనా అది మామూలే. ఆయనకు మాత్రం కాదు. ఆయనెట్లుంటాడో నాకు తెలీదు గదే, ఎట్లా పట్టుకుంటా? పోయాడు. ఎవరూ నన్ను ఒక్క మాట అన్లా.”

తర్వాత ఆయన పేరు చెప్పింది. ఇంటిపేరుతో సహా, నెమ్మదిగా. “నువ్వు కూడా గుర్తుపెట్టుకోవే. నా ఒక్కదానివల్ల కావట్లా” అంది.

ఆ తర్వాత చాలా కాలం పోకర్ ఆడాను, దాచడమెందుకు? నాలుగు టేబుళ్లే ఆడాను. ఎప్పుడు మానేశానో నాకే గుర్తులేదు. ఆంటీ పోయి మూడేళ్లయింది. ఆ పేరు ఇక్కడ రాయను, అది వాళ్ల ఇంటివాళ్లది. కానీ డ్యూటీ ఎక్కి మొదటి బెడ్ వైపు నడిచేటప్పుడు మనసులో ఒకసారి అనుకుంటాను. ఆయన్ని నేను చూడలేదు, ఆయన నా రోగి కాదు. ఇప్పుడు ఆయన పేరు గుర్తున్న నర్సును బహుశా నేనొక్కదాన్నే.