సర్పంచ్ తినని మందు

ఐదు నిండు ప్రాణాలు ఒకే పూటలో తీసిన చేతులండీ ఇవి. కత్తితో కాదు, మందుతో. అదీ పగవాళ్లింట్లో కాదు, సొంత అక్క ఇంట్లో, ఆమె కళ్ల ముందే. ఆ ఘనకార్యమే ఇప్పుడు చెప్పబోతున్నాను. మధ్యలో నవ్వొస్తే మొహమాటపడకుండా నవ్వేయండి. నాకూ కొంతదూరం నవ్వొస్తుంది, చివరిదాకా రాదు, అంతే.

నేను కుసుమంచి చుట్టుపక్కల ఊళ్లలో పశువుల డాక్టరు గారి వెంట తిరిగే సహాయకుణ్ణి. గొర్రెల కడుపులో పురుగులు పోవడానికి తాపే నట్టల మందు విషయంలో నన్ను మించినవాడు జిల్లాలోనే లేడని అప్పట్లో నా నమ్మకం. నాకు తప్ప ఇంకెవరికీ ఆ నమ్మకం ఉన్నట్టు ఆధారాల్లేవు. కాకపోతే గొర్రె దవడ పట్టి, నోటి పక్కగా సీసా పెట్టి, అది "మే" అనేలోపు మింగించేసేవాణ్ణి. దూరం నుంచే చూసి బరువెంతో చెప్పేవాణ్ణి.

మా అక్కది అశ్వారావుపేట. బావకు పామాయిల్ తోట ఉండేది. తోట కంటే ఆయనకు ఇష్టమైంది హాల్లోని చేపల తొట్టి. ఖమ్మంలో కొని, బస్సులో పసిపిల్లను తెచ్చినట్టు ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. అందులో నారింజ రంగువి ఐదు, నల్లది ఒకటి. నల్లదానికి పొట్ట ముందుకుండేది. పనేమీ లేకపోయినా మిగతావాటి చుట్టూ తిరిగి అంతా బాగానే ఉందా అని చూసి వచ్చేది. బావ దానికి సర్పంచ్ అని పేరు పెట్టాడు. పొద్దున్నే ఆయన ఉంగరంతో అద్దం మీద రెండుసార్లు కొడితే అన్నీ పైకొచ్చేవి. అందరికంటే ముందు సర్పంచే.

నాలుగేళ్ల కిందట బావ పోయాడు. కామెర్లని దవాఖానాలో చేర్పిస్తే నెల తిరక్కుండానే పోయాడు. ఆ నెలంతా నేను చేసిన పని టీ తేవడం, లిఫ్టు దగ్గర నిలబడటం. అక్క జావ గిన్నె పట్టుకుని "ఒక్క గుక్క తాగయ్యా" అని బతిమాలుతుంటే చూడలేక బయటికి వచ్చేసేవాణ్ణి. అన్ని వేల గొర్రెలకు మందు తాపినవాణ్ణి, అక్కడ ఎందుకూ పనికిరాలేదు. ఆ బాధ నాలో ఉండిపోయింది.

ఆర్నెల్ల తర్వాత అక్క ఫోన్ చేసింది.

"తమ్మీ, సర్పంచ్ తింటలేడురా. నాలుగు దినాలాయె. పొట్ట మొత్తం పోయి ఈనెపుల్ల లెక్క అయిండు. తెల్లగ దారం లెక్క దొడ్డికి పోతున్నడు."

"కడుపుల పురుగులే అక్కా. ఏం ఫికర్ చెయ్యకు. నేనొస్తున్న."

"మీ బావ గూడ గిట్లనే మొదలు తినుడు బంద్ చేసిండు" అని పెట్టేసింది.

మర్నాడే నట్టల మందు సీసా సంచిలో వేసుకుని బస్సెక్కాను. డాక్టరు గారిని ఒక్క మాట అడగొచ్చు కదా అంటారా? అడగొచ్చు. కానీ అక్కకు నేనే, నా చేత్తోనే, ఏదో ఒకటి బాగుచేసి పెట్టాలని ఉంది.

వెళ్లేసరికి అక్క తొట్టి ముందే కుర్చీ వేసుకుని కూర్చుంది.

"చేపల కొట్టాయనకు ఫోన్ చేసిన్రా. జబ్బుదాన్ని ఒక్కదాన్నే బకెట్లకు తీసి, చేపల మందే నీళ్లల కలపమన్నడు. మిగతావాటి జోలికి పోవద్దన్నడు."

"ఆయనకేం తెలుసక్కా? మందల ఒక్కదానికి నట్టలొస్తే అన్నిటికి తాపాలె. పద్నాలుగేండ్ల సర్వీసు నాది."

"ఇవి గొర్రెలు కావు గదరా."

"కడుపు ఎవలకైన కడుపే."

ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

చేపకు దవడ పట్టి తాపలేం. ప్రయత్నించాను, చొక్కా మార్చుకున్నాను. ఇక మేతలో కలపాలి. ఎంత కలపాలి? గొర్రెలకు అలవాటుపడ్డ కంటికి చేప ఆనలేదు. అందుకని ఆరింటినీ కలిపి ఒక గొర్రెపిల్లగా లెక్కవేశాను. ఏ లోకంలో అవుతాయో నన్నడక్కండి. తక్కువైతే పనిచెయ్యదేమోనని పైన ఇంకాస్త వేశాను. మేతగింజల్ని అందులో నానబెట్టి, ఫ్యాను కింద పేపరు మీద ఆరబెట్టాను.

"ఇయ్యాల మేత పెట్టకక్కా. రేపు పరగడుపున పడితేనే మందు పట్టుద్ది" అన్నాను. గొర్రెలకైతే మేము అలాగే చేస్తాం మరి.

పొద్దున్నే అక్క అద్దం మీద రెండుసార్లు కొట్టింది. బావ ఉంగరం ఆమె బొటనవేలికుంది. ఐదు చేపలూ పెళ్లి భోజనాల్లో మొదటి బంతి దొరికినట్టు మేత మీద పడ్డాయి.

"చూసినవా, ఎట్ల తింటున్నయో!" అన్నాను గర్వంగా.

"సర్పంచ్ రాలే గదరా."

సర్పంచ్ అడుగున మూలకుండి ఒకసారి పైకి చూసి మొహం తిప్పుకున్నాడు. ఆయన వాటా కూడా ఆ ఐదే తినేశాయి.

టిఫిన్ చేస్తుండగా ఒక చేప గిరగిరా తిరగడం మొదలుపెట్టింది. ఇంకొకటి పక్కకు ఒరిగింది.

"ఏందిరా గట్ల ఒరిగింది?"

"మందు కదా, మత్తుగ ఉంటది. పండుకుంటుందేమో."

"చేపలు పక్కకు ఒరిగి పండుకుంటయారా?"

మధ్యాహ్నానికి ఐదూ పొట్టలు పైకి తేలిపోయాయి. కడుపులో పురుగులున్నవాడు మందు ముట్టనే లేదు. ఏ రోగమూ లేనివి వాడి వాటా కూడా తిని పోయాయి. తొట్టి మొత్తానికి మిగిలింది సర్పంచ్ ఒక్కడే.

నేలమీద కూలబడి ఏడ్చేశాను. "తిట్టక్కా, నన్ను తిట్టు" అన్నాను.

అక్క తిట్టలేదు. టీ వడకట్టే జల్లెడతో ఒక్కొక్కటిగా తీసి బావ తువాలు మీద పెట్టింది. పెరట్లో పాతిపెట్టి వచ్చి, చేతులు కడుక్కుని, మళ్లీ అదే కుర్చీలో కూర్చుంది. చాలాసేపు సర్పంచ్‌నే చూసింది.

"పోనీ తియ్యిరా. ఈ ఇంట్ల ఒక్కసారన్న బీమారొచ్చినోడు బతికిండు" అంది.

అంతకంటే నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

తర్వాత అక్క కొట్టాయన చెప్పినట్టే చేసింది. బకెట్టు, చేపల మందు, చుక్కల లెక్క, అన్నీ తనే చూసుకుంది. నన్ను దగ్గరికి రానివ్వలేదు. పన్నెండో రోజు ఫోన్ చేసి "తిన్నడురా" అంది.

సర్పంచ్ ఇప్పటికీ ఉన్నాడు. పొట్ట మళ్లీ వచ్చింది. నేను వెళ్తే చాలు, అక్క తొట్టి మీద దుప్పటి కప్పుతుంది. "నీ మొఖం చూస్తే మళ్ల తినుడు బంద్ పెడ్తడు" అంటుంది.

కాబట్టి ఖమ్మం జిల్లా గొర్రెలన్నింటి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: "మే" అనలేని ఏ ప్రాణికీ ఈ జన్మలో మందు పెట్టను. ఇంకో ఒట్టు కూడా వేసుకున్నాను, అది అక్కకు తెలియదు. ఆ ఇంట్లో కంచం ముందు "చాలు, వద్దు" అనను. ఎవరైనా తిననంటే అక్క చెయ్యి గిన్నె మీదే ఆగిపోతుంది, అది నేను చూడలేను. ఎంత పెడితే అంత తింటున్నాను. ఐదు కిలోలు పెరిగాను. తూకం వెయ్యలేదు, చూపుతోనే చెబుతున్నాను. ఈ ఒక్కసారికి నమ్మండి.