ఫుల్ హవా

ఆ రోజుల్లో నాకు ఒక్కటే ధ్యాస: స్టీరింగ్. ఒమాన్‌లో ఖబూరా దగ్గర ఒక తోటలో గడ్డి కోస్తూనే ఎలాగో లైసెన్సు సంపాదించి, అందరికీ కనిపించేలా చొక్కా జేబులో పెట్టుకుని తిరిగేవాణ్ణి. మా అర్బాబ్ (తోట యజమాని, దేవుడిలాంటి మనిషి, కోపం రానంతవరకు) ఒక శుక్రవారం కొండల్లోని మేకల దొడ్డికి దాణా తీసుకెళ్తూ నన్నూ రమ్మన్నాడు. మట్టిదారిలో ఆయన ఎత్తు పికప్ బండిని సరిగ్గా నడిపితే డ్రైవర్ కొలువు, లేదంటే మళ్ళీ కొడవలే. వంట చేసే మా ఊరి మామ కూడా సరదాకి వెనక దాణా బస్తాలెక్కి కూర్చున్నాడు.

తారురోడ్డు అయిపోయినచోట అర్బాబ్ బండి ఆపి మమ్మల్ని చాయ్‌కి పంపాడు. తిరిగొచ్చేసరికి ఆయన నమాజుకు వెళ్ళాడు. బండి నాలుగు టైర్లూ సగం చప్పబడి ఉన్నాయి.

“నీకు గిట్టనోడెవడో గాలి తీసిండురా! కొలువు రావద్దని జేసిండు,” అన్నాడు మామ.

(ఆ కొండల్లో నాకు గిట్టనివాడు ఎక్కణ్ణుంచి వస్తాడని ఇద్దరికీ తోచలేదు. మా ఊళ్ళో సైకిల్లో గాలి పోయిందంటే ఎవడో పగబట్టినట్టే లెక్క.) సీటు కింద కాలిపంపు దొరికింది. మండుటెండలో నేను తొక్కాను, మామ తొక్కాడు, మళ్ళీ నేనే తొక్కాను. టైర్లు రాయిలా అయ్యాయి, మా కాళ్ళు పిండిలా అయ్యాయి.

అర్బాబ్ వచ్చి, టైర్ల వంక చూడకుండానే పక్కసీట్లో కూర్చుని పోనిమ్మన్నాడు. ఎంత హాయి అది! ఎర్రటి కొండలు, వాటి మధ్య ఖర్జూరపు పచ్చదనం, అద్దం దించితే రివ్వున గాలి, వెనక మామ పాట. ఇంక నేను డ్రైవర్‌నే అనుకున్నాను. ఎండిన వాగులోకి దిగామో లేదో, చక్రాలు ఇసుకలో కూరుకుపోయాయి.

అర్బాబ్ దిగి టైరు నొక్కి చూశాడు. “హవా?” అన్నాడు, గాలి సంగతేమిటన్నట్టు.

“ఫుల్ హవా, అర్బాబ్! చారోం టైర్!” అన్నాను గర్వంగా.

ఆయన ముఖం ఎర్రబడింది. ఇసుకలో కూరుకుపోకూడదని తానే గాలి తగ్గించి వెళ్ళాడట!

“నేనైతే వద్దనే అన్న,” అని మామ తెలుగులో ఒట్టేశాడు.

నా కొలువు పోయిందనే అనుకున్నాను. ఆయన చూపు కాలిపంపు మీద పడింది, తర్వాత చెమటతో తడిసిన మా చొక్కాల మీద. అంతే, ఇసుకలో కూలబడి టోపీ జారిపోయేదాకా నవ్వాడు. నాలుగు టైర్లకూ నాచేతే గాలి తీయించాడు. బండి బుద్ధిగా పైకొచ్చింది. “ఇంత ఎండలో నా బండి కోసం ఇంత తొక్కేవాడు ఇంకెక్కడ దొరుకుతాడు? నువ్వే చలావ్,” అన్నాడు, ఇక బండి నన్నే నడపమని.

ఆ స్టీరింగ్ ఇప్పటికీ నా చేతిలోనే ఉంది. మామ ఎప్పుడో ఊరెళ్ళిపోయాడు. తారురోడ్డు అయిపోయినచోట వంగి గాలి తీస్తుంటే మోకాళ్ళు మూలుగుతాయి. తీశాక మాత్రం ఒకసారి చుట్టూ చూస్తాను, గిట్టనివాడెవడైనా ఉన్నాడేమోనని. ఎవరూ ఉండరు. ఒక్కణ్ణే నవ్వుకుని బండెక్కుతాను.