తిప్పి పంపే మాస్టారు

తన దగ్గరికి ఏది వచ్చినా ప్రొఫెసర్ లియెన్ రెండే పనులు చేస్తాడు. విప్పి చూస్తాడు, లేదా వచ్చినదాన్ని వచ్చినట్టే తిప్పి పంపుతాడు. మూడో పని ఆయన జాతకంలో లేదు. వాళ్ల ఊరు థైనాన్ వీధుల్లో పాలచేప గంజి అమ్మే ఆవిడ ఆయన ముందు గిన్నె పెట్టి, ఊపిరి బిగబట్టి నిలబడుతుంది.

ఇదంతా ఆయన పరిశోధన పుణ్యం. రహస్య సంకేతం అందుకోవాల్సినవాడి దగ్గర గొప్ప క్వాంటం పరికరాలేవీ లేవనుకోండి. వచ్చిన కాంతి రేణువును చూడగలడు, లేదా ముట్టకుండా వెనక్కి పంపగలడు, అంతే. అంత చేతకానివాడితోనూ రహస్యం పంచుకోవచ్చు. దారిలో దొంగ చెయ్యి పెడితే తిరిగొచ్చిన సరుకు చెడి, పట్టుబడతాడు. దీన్ని రుజువు చేసిన మనిషి దీన్నే కాపురంలోకీ తెచ్చుకున్నాడు. ఏడాదిగా అయితే ప్రశ్నల్ని కూడా తిప్పి పంపుతున్నాడు.

"కూర ఎలా ఉందండీ?" అంటుంది భార్య.

"కూర ఎలా ఉందీ?"

"ఉప్పెక్కువైందిలెండి," అని ఆవిడే ఒప్పుకుంటుంది.

ఈ వరసకి పరిశోధనశాలంతా పడీ పడీ నవ్వేది, ఒక్క ఆయన శిష్యురాలు కో యూషాన్ తప్ప. ఆ అమ్మాయి లెక్కల్లో దిట్ట. నలుగురి ముందు ప్రశ్న వేస్తే మాత్రం నోరు పెగలదు. కిందటేడు డాక్టరేట్ మౌఖిక పరీక్షలో అలాగే బిగుసుకుపోయి తప్పింది. ఈసారీ తప్పితే చదువు అక్కడితో సరి.

పరీక్ష ఉదయం, ఆనవాయితీ ప్రకారం ఆమే పరీక్షకులకు టీ, కేకులు సర్దింది. యంత్రాలు మొరాయించకూడదని అక్కడ అందరూ నమ్మకంకొద్దీ కంప్యూటర్ మీద పెట్టే ఆకుపచ్చ చిరుతిండి పొట్లాన్ని తన ఒళ్లో పెట్టుకుంది.

"మాస్టారూ, నా వల్ల కాదు. వాయిదా వేయించండి."

"వాయిదా వేయించనా?" అన్నాడు లియెన్.

ఆమె ఒళ్లో పొట్లం సర్దుకుని, "వద్దులెండి," అంది.

"తెలిస్తే చెప్పు. నోరు రాకపోతే ప్రశ్నను ఉన్నదున్నట్టు వాళ్లకే తిప్పి పంపు. మూడోది నిన్నెవరడిగారమ్మా?"

పెద్ద పరీక్షకుడు చువాంగ్ కేకు నములుతూ మొదటి దెబ్బే గట్టిగా కొట్టాడు. "దొంగ ఒక రేణువుకి తోడు తనదొకటి కలిపి పంపితే?"

యూషాన్ ఒళ్లో పొట్లం కరకరలాడింది.

"తనదొకటి... కలిపి పంపితే?"

"ఆఁ, అదే. గుమ్మంలోనే ఒక జల్లెడ పెట్టాలనుకో..."

"ఒక్క జల్లెడ చాలదు సార్!" అనేసింది. అన్నాక ఇక ఆగలేదు. చివరికి చువాంగే దణ్ణం పెట్టి ఆపాడు.

సాయంత్రం అనాసపండు కేకుల డబ్బా పట్టుకుని మాస్టారింటికి వెళ్తే భార్య ఎదురొచ్చింది.

"ప్యాసయ్యావా తల్లీ? బతికించావు! నువ్వు తప్పిన మర్నాటి నుంచీ ఆయనది ఇదే వరస. ప్రశ్నను తిప్పి పంపడం మన దగ్గర అందరికీ అలవాటైపోతే, రేపు నువ్వలా చేసినా ఎవరూ నవ్వరుట. నాలుగు తిన్నని మాటలు విని ఏడాదైంది నేను!"

యూషాన్‌కి మాస్టారి మీద ప్రేమ పొంగుకొచ్చింది. ఆవిడ చేత డబ్బా లోపల ఆయనకి పంపింది. అనుకున్నట్టే కాసేపటికి రిబ్బను ముడితో సహా తిరిగొచ్చింది.

వీధి మలుపులో విప్పి చూసింది. ఒక కేకు తక్కువుంది. దొంగ పట్టుబడ్డాడు.