వదిన బయటపెట్టిన లాభం

మా గ్లోరీ వదిన నోరు మంచిది కాదు. "ఈ మడిసి వల్ల నాకేటి లాబం?" అని మా అన్న దావీదును దెప్పకుండా పొద్దు గడవదు. అన్న నవ్వి ఊరుకునేవాడు.

అన్నకు కిడ్నీలు పాడయ్యాక, ఉద్దానంలో ఆ జబ్బు ఎందుకొస్తోందో వెతికే ప్రొఫెసరుగారి దగ్గర వదిన పనికి కుదిరింది. జబ్బు నీళ్ల వల్లేమోనని ఊరూరా తిరిగి, పరీక్షకు బావినీళ్లు సీసాల్లో పట్టేది. ఆ ఇంటి ఇల్లాలు చిన్నబుచ్చుకుంటుందని అవే నీళ్లు ఓ గ్లాసు తాగి మరీ వచ్చేది. నాకు ఒళ్లు మండేది.

పరిశోధన వ్యాసంలో ఆయన వదిన పేరూ చేర్చారు. పేరున్నవాళ్లంతా ఎవరు డబ్బిచ్చారో, ఫలితం వల్ల తమకేం లాభమో బయటపెట్టాలట. నీళ్ల ఫిల్టర్ల కంపెనీ తనకు డబ్బిచ్చిందని ఆయన దాచకుండా రాశారు.

"నీకేం లాభం లేదని రాస్తానమ్మా," అన్నారు.

వదిన చర్చిలో సాక్ష్యం చెప్పేదానిలా లేచి నిలబడింది. "లేదని రాయకండి బాబూ. ఈ జబ్బేటో తేలితే మా ఆయన బతుకుతాడు. నాకు లాబమే."

ఆయన అలాగే రాశారు.

వ్యాసం అచ్చయ్యాక, పలాసలో డయాలసిస్ మంచం పక్కన కూర్చుని వదిన ఆ మాట అన్నకు చెప్పింది. అన్న నవ్వాడు.

"నా వల్ల లాబం లేదని ఇంక అనలేవే. అచ్చేయించీసినావు."