మెడపట్టీ విప్పని గంట

ఒరులే పొలిమేరలో మనుషులెవరూ ఎదురు రారు. ఊరి పేరు రాసిన రేకు ఒక్కటే ఎదురొస్తుంది. దాని నిండా తూటాల చిల్లులు. పొద్దు వాలేటప్పుడు ఎండ ఆ చిల్లుల్లోంచి కారి రోడ్డు మీద వెలుగు చుక్కలై పడుతుంది. గొనారియా ఏటేటా ఆ చుక్కల్ని సైకిలు చక్రంతో తొక్కుకుంటూ ఊళ్లోకి వస్తుంది, ఊళ్లోంచి పోతుంది. ఆమె పుట్టిన ఊరే. అయినా అక్కడ నేల మీద కాలు పెట్టి చాలా కాలమైంది.

ఆమె వెనక రంగురంగుల చొక్కాల్లో పరదేశీలు తొక్కుతూ వస్తారు. వాళ్ల సామాను వ్యానులో వేసుకుని బాబాయి కొడుకు బొబొరే చిట్టచివర వస్తాడు. వసంతం మొదలు చలి పడేదాకా వాళ్లిద్దరి బతుకు అదే. సముద్రపు ఒడ్డున బయలుదేరి, సార్డీనియా దీవిని చుట్టి, మళ్లీ ఆ ఒడ్డుకే చేరతారు. తీరం పొడుగునా గొనారియా మాటలపోగు. ఏ మలుపులో ఏ గాలి కొడుతుందో, ఏ వాగు నీళ్లు తాగొచ్చో, ఏ ఊళ్లో కుక్కలు చెడ్డవో అన్నీ చెబుతుంది. దారి కొండల్లోకి తిరిగాక మాత్రం ఆమె గొంతు సన్నబడుతుంది. ఒరులే దగ్గరపడేసరికి సైకిలు గొలుసు చప్పుడు ఒక్కటే మిగులుతుంది.

ఊరి నడుమ సారాకొట్టు ముందు రాతిబెంచీ ఉంది. దాని మీద నల్లటోపీల మగవాళ్లు కూచుని ఉంటారు. ఆమె సైకిలు కనబడగానే వాళ్ల తలలన్నీ ఒకేసారి గోడవైపు తిరుగుతాయి. ఆ ఊళ్లో గిట్టనివాళ్లని తిట్టరు. చూడరు, అంతే. చూడకపోవడంలో వాళ్లకు ఎంత చేయి తిరిగిందంటే, పక్కనించి పోయేవాళ్ల వీపుకి చలి పుడుతుంది.

ఇదంతా గొనారియా చిన్నపిల్లగా ఉన్నప్పటి మంచుకాలంలో మొదలైంది. ఆ చలికాలం కనుమ మీద మంచు నడుములోతున పడింది. పెద్దమంద ఉన్న ముసలాయన గొర్రెల్లో మేలైనవి, మెడలో గంటలతో ముందు నడిచేవి, ఒక్క రాత్రిలో మాయమయ్యాయి. అడుగుల జాడలను మంచు కప్పేసింది. ఆ పక్క మేతభూమి గొనారియా తండ్రి ప్రెదుది. ఆ రాత్రి ప్రెదు దొడ్డిలో గంట చప్పుడు విన్నామని ఎవరో అన్నారు. ఎవరన్నారో ఇప్పటికీ తెలియదు. పోలీసుల దగ్గరికి ఎవరూ పోలేదు. ఒరులేలో ఎవరూ పోరు. మర్నాటినుంచి ప్రెదు పలకరిస్తే ఎవరూ బదులివ్వలేదు.

ఉన్ని కత్తిరించే రోజులొచ్చాయి. ఆ కొండల్లో ఆ పని ఒంటరిగా ఎవరూ చెయ్యరు. ఇవాళ నీ మందకి నేను, రేపు నా మందకి నువ్వు అనుకుంటూ నవ్వులతో, వైన్‌తో, కాల్చిన మాంసంతో ఊరంతా కలిసి చేసుకునే పండగ అది. ఆ ఏడు ప్రెదు దొడ్డికి ఒక్క మనిషీ రాలేదు. గొనారియా గొర్రెల కాళ్లు పట్టుకుంటే తండ్రి ఒక్కడే కత్తెర ఆడించాడు. కత్తెర చప్పుడు తప్ప వేరే మాట లేదు. ఎండాకాలం ముగిసేలోగా మందను అమ్మేశాడు. తరవాత చచ్చేదాకా పరాయి అడవుల్లో బిరడాచెట్ల బెరడు ఒలిచే కూలిగా బతికాడు. ఆ ఇంట్లో మళ్లీ ఎవరూ గంట అనే మాట పలకలేదు. చర్చిలో మోగేదాన్ని కూడా తల్లి "అది" అనేది. "అది మోగింది, పిల్లా, పొయ్యి వెలిగించు."

గొనారియా పెద్దదయ్యాక తీరానికి దిగి హోటల్లో దుప్పట్లు ఉతికింది. ఎవరో వదిలేసి పోయిన సైకిలు మీద సెలవుపూట కొండ ఎక్కేది. ఊరు తనని చూడనంది. దారి అలా అనలేదు. ఎంత నిటారు ఎక్కుడైనా తొక్కినకొద్దీ చక్రం కిందికి వచ్చింది. తామూ తొక్కుతామని హోటల్ అతిథులు ఆమె వెంట పడ్డారు. ఆ వెంటపడడమే చివరికి బతుకుతెరువయింది. చావుబతుకుల్లో ఉన్న తండ్రి ఒక మాట అడిగాడు. "కనుమ దారిన పోవడం మానకు, పిల్లా. మానితే ఒప్పుకున్నట్టే." అందుకే మానలేదు. వేరే దారి ఉంది, తేలికదీ, నీడదీ. బొబొరే ఏటా గుర్తు చేస్తాడు. ఆమె వినదు. తండ్రి పేరు ఎలాగైనా కడగాలి. కడగడానికి ఆమెకు ఉన్నది ఆ దారిన పోవడం ఒక్కటే.

ముసలాయన పోయాక మంద కొడుకు బాకిస్ చేతికి వచ్చింది. అతనికీ అరవై దాటాయి. ఊళ్లో పెద్దవాళ్లందరినీ త్సియు, అంటే పెద్దయ్యా, అనే పిలవాలి. గొనారియా అతన్ని ఒక్కడినే త్సియు అనదు. అసలు వాళ్లిద్దరూ మాట్లాడుకోరు. ఎదురుపడితే అతను తన కుక్కతో మాట్లాడతాడు, ఆమె బొబొరేతో మాట్లాడుతుంది.

ఆ రోజూ అంతే జరిగింది. కిందటి వేసవి కార్చిచ్చుకి కనుమ అంతా కాలిపోయి ఉంది. ముళ్లపొదలు లేక కొండ బోసిగా, దువ్వని తలలా ఉంది. బూడిద మీద ఎండ పడి కళ్లు మండుతున్నాయి. మలుపు తిరగ్గానే రోడ్డు నిండా బాకిస్ మంద. అతను చేతికర్ర భుజాల మీద అడ్డంగా వేసుకుని, అడుగులో అడుగు వేస్తూ మధ్యలో నడుస్తున్నాడు. సైకిళ్లన్నీ ఆగాయి. వెనకనించి వ్యాను వచ్చి ఆగింది.

"హారన్ కొట్టనా అక్కా?" అన్నాడు బొబొరే.

"వద్దు. అది కూడా గొర్రె అరుపే అనుకుని సంతోషిస్తాడు."

బాకిస్ తల తిప్పలేదు. "విన్నావా మోరో," అన్నాడు కుక్కతో, "దొంగ ఇంటి పిల్ల మిడతల్ని తోలుకొచ్చింది. అద్దాలు పెట్టుకున్న మిడతలు. ఈ బూడిదలో ఏం మేస్తాయో మరి."

"బొబొరే, గాలి ఎటునించి వస్తోందిరా? పాచిపోయిన పాల వాసన వేస్తోంది."

"దాని కాలి పిక్కని ఒక్కసారి పట్టుకుంటే సరి కదా మోరో, ఆడమనిషి పొట్టి లాగుల్లో ఊరేగడం మానేస్తుంది."

"కుక్క పళ్లు కూడా యజమాని పళ్లలాగే ఊడిపోయాయిట బొబొరే, భయం లేదు."

పరదేశీలకు ఈ మాటలు అర్థం కాక, పల్లె ముచ్చట్లనుకుని నవ్వుతూ ఫొటోలు తీసుకున్నారు. టోర్బెన్ అనే డెన్మార్క్ ఆయన ఈ సందులో సైకిలు పక్కన పడేసి, పని ఉందన్నట్టు సైగచేసి రోడ్డు దిగి రాళ్ల వెనక్కి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి దారి దొరికింది. అందరూ కదిలారు.

కనుమ దిగగానే ఊటకాలువ ఉంది. ఈ దారిన వచ్చినప్పుడల్లా తిండి అక్కడే. బొబొరే కాగితంలాంటి పల్చటి రొట్టెలు, గొర్రెపాల చీజ్, టమాటాలు రాతిపలక మీద పరిచాడు. కాసేపటికి నీళ్లకోసం మంద కూడా అక్కడికే దిగింది. బాకిస్ ఎదుటి గట్టున కూచుని టోపీ కళ్ల మీదికి లాక్కున్నాడు.

టోర్బెన్ చాకు కోసం తన సంచి ఎత్తాడు. సంచిలో ఏదో మోగింది.

సగం మూగగా, మట్టి మింగిన గొంతుతో, ఒక్కసారే మోగింది. నీళ్లు తాగుతున్న గొర్రెలు కొన్ని తలలెత్తాయి. బాకిస్ టోపీ తీశాడు. గొనారియా చేతిలో రొట్టె ముక్కలైంది.

ప్రతి పొద్దునా ఆమె తనవాళ్లకు చెప్పేవి చెబుతుంది. ఇసుక ఎత్తుకుపోవద్దు, బెరడు ఒలవొద్దు, దొడ్డి తలుపు దాటితే మళ్లీ వెయ్యండి, కుక్క వస్తే సైకిలు అడ్డం పెట్టుకు నిలబడండి. గంట సంగతి ఎన్నడూ చెప్పలేదు. ఆ కొండల్లో పుట్టినవాళ్లకి అది చెప్పాల్సిన సంగతి కాదు. దారిలో గంట దొరికితే దగ్గరి కొమ్మకి, నాలుక ఆడేట్టు, గాలికి మోగేట్టు తగిలిస్తారు. గంట సొంతదారు విని వచ్చి తీసుకుంటాడు. సంచిలో వేసుకునేవాడు దొంగ ఒక్కడే. పైగా ఆ మాట పలకని ఇంట్లో పెరిగిన మనిషి ఆమె. పరదేశీకి ఈ రెండూ ఎలా తెలుస్తాయి?

బాకిస్ కాలువ దాటి వచ్చాడు. కుక్కతో మాట్లాడలేదు. బతుకులో మొదటిసారి నేరుగా ఆమెతో మాట్లాడాడు.

"సంచి తియ్యమను."

టోర్బెన్ గర్వంగా తీసి చూపించాడు. తుప్పుపట్టిన ఇనపగంట, అరచేతంత ఉంది. "ఎంత పాతదో చూశారా? మా ఇంట్లో గోడకి తగిలిస్తాను."

"పట్టీ ఏది?" అన్నాడు బాకిస్, గొనారియాతోనే. "మెడపట్టీ కోసి, గంట ఊడబీకి, సంచిలో వేశారు. మీ నాన్న నేర్పిన పనే. ఈసారి అద్దె దొంగల్ని పెట్టుకున్నావు."

ఆ పరదేశీని చూపించి తప్పుకోవచ్చు. తెచ్చింది వాడు, నాకు తెలియదు అనొచ్చు. కానీ వెంట తెచ్చుకున్న మనిషి చేసిన పనికి తెచ్చినవాళ్లే జవాబు చెప్పాలి. ఆ కొండల్లో అది అందరికీ తెలుసు.

"నా వెంట వచ్చిన సంచిలో ఉంది. నాదే అనుకో," అంది గొనారియా. తరవాత టోర్బెన్ వైపు తిరిగింది. "దీని తోలుపట్టీ ఏం చేశారు? ఎక్కడ దొరికింది?"

ఆయన ముఖంలో నవ్వు పోయింది. "రాళ్ల మధ్య పెద్ద నెర్రె ఉంది. అంచున పడి ఉంది. తోలు బెరడులా ఎండిపోయి ఉంటే లాగి అక్కడే పారేశాను. నేనేం తప్పు చేశానండీ?"

"నెర్రెలో ఇంకేమున్నాయి?"

"ఎముకలు," అన్నాడు. "చాలా ఉన్నాయి."

గొనారియాకి అర్థమైంది. దొంగ చప్పుడు కాకుండా ముందు పట్టీ కోసి గంట తీసేస్తాడు. పట్టీ ఉన్న గొర్రె తనంతట తాను పడిపోయిన గొర్రె. ఆ చలికాలపు మంచు ఆ నెర్రెని కప్పి ఉంటుంది, ఆపైన ముళ్లపొదలు కప్పి ఉంటాయి. మంట వచ్చి విప్పి చూపించింది. విప్పి చూపించిన వెంటనే ఈ మనిషి చెయ్యి పెట్టి చెడగొట్టాడు.

"నడు, చూద్దువుగాని," అంది బాకిస్‌తో.

"నేల మీద ఉంటే నమ్మేవాణ్ణి. నీ సంచిలో ఉంది. పొద్దున్నే నువ్వే అక్కడ పట్టీ పడేసి ఉండొచ్చు."

"ఎముకలు కూడా నేనే తెచ్చి పడేశానా? నా సైకిలుకి బుట్ట కూడా లేదు." ఆమె అప్పటికే కనుమవైపు తిరిగింది. "భయమైతే ఇక్కడే కూచో. మోరోని పంపించు, అది చూసొచ్చి చెబుతుంది."

ఆమె, టోర్బెన్ కనుమ ఎక్కారు. బాకిస్ ఆమెతో కలిసి నడవలేదు. చాలా వెనగ్గా, రోడ్డుకి అవతలి అంచున, తన పని మీద తాను పోతున్నట్టు నడిచాడు. నెర్రె దగ్గర చెరో పక్కన నిలబడ్డారు.

లోపల చీకటి చల్లగా ఉంది. కళ్లు అలవాటు పడ్డాక తెల్లగా ఎముకలు తేలాయి, ఒకదాని మీద ఒకటిగా, నిద్రలో ఒత్తిగిలినట్టు. వాటి మధ్య గంటలు. ఒక గంట పట్టీలో మెడ ఎముక ఇంకా అలాగే ఉంది. పట్టీ కొసల్ని కలిపే చెక్కగుబ్బ బిగించింది బిగించినట్టే ఉంది, ఏ చెయ్యీ విప్పలేదు.

బాకిస్ వంగి దాన్ని పైకి లాగాడు. కత్తిమొనతో లోపలి మట్టి గీకాడు. ఒకసారి ఊపాడు.

ఆ చప్పుడు అతను పుట్టిన నాటినుంచి విన్నదే. తండ్రి ఒకే కమ్మరి దగ్గర, ఒకే శ్రుతిలో కొట్టించిన గంటలు. ఇప్పటికీ అతని మంద మెడల్లో ఉన్నవాటికి అదే గొంతు. కిందనించి, ఊటకాలువ దగ్గర, మందగంటలు బదులు పలికినట్టు మోగాయి. మోరో చెవులు నిక్కబొడుచుకుంది. బాకిస్ ముఖం రాయిలాగే ఉంది. చెయ్యి మాత్రం గంట నాలుకని గట్టిగా పట్టుకుని ఆపింది.

"ఎముకలకి పేర్లుండవు," అన్నాడు.

"గంటకుంది."

"ఊళ్లో ఎవరికి చెబుతావు? నీ మాట వినేవాడెవడు?"

"నేను చెప్పను. అదే చెబుతుంది."

అతను గంటని రాతి మీద పెట్టి వెళ్లిపోయాడు. క్షమించమనలేదు. ఆమెకి అది అక్కర్లేదు కూడా. తండ్రి కత్తెర ఒంటరిగా ఆడిన ఆ వారాలని ఏ మాట కడుగుతుంది?

ఆచారం ప్రకారం కొమ్మకి తగిలించాలి. కొండ మీద కాలని కొమ్మ ఒక్కటి లేదు. ఉన్నా తగిలించేది కాదు. తెల్లారేసరికి గంట ఉండదని ఆమెకు తెలుసు. పట్టీ విప్పకుండానే తెచ్చి, తాడుతో సైకిలు హ్యాండిల్‌కి కట్టింది.

"అక్కా, ఊరి మధ్యలోంచి దీంతో పోతావా?" అన్నాడు బొబొరే. "చంపేస్తారే."

"దొంగ అయితే దాచుకుంటుంది. నువ్వు వెనక మెల్లిగా రా. ఇవాళ హారన్ కొట్టు, కావాలంటే."

తూటాల చిల్లుల వెలుగు దాటి ఊళ్లోకి దిగింది. రాళ్లు పరిచిన వీధి. చక్రం ఎగిరినప్పుడల్లా గంట మోగింది. గోడలు ఆ చప్పుడుని పక్క గోడలకి అందించాయి. కిటికీ తలుపులు తెరుచుకున్నాయి. ముసలమ్మలు చేతుల పిండితోనే గడపల్లోకి వచ్చారు. అది ఎవరి మంద గంటో వినగానే తెలియనివాళ్లు ఆ ఊళ్లో లేరు. దొంగ కూతురు ఆ గంట కట్టుకుని అందరూ చూస్తుండగా నడివీధిలో పోతోంది. గంట సొంతదారు నాది అనాలి. అన్నాడంటే అది ఎక్కడ దొరికిందో చెప్పాలి.

రాతిబెంచీ మీది తలలు ఈసారి గోడవైపు తిరగలేదు. సారాకొట్టు గుమ్మంలో నిలబడ్డ బాకిస్ వైపు తిరిగాయి. అడ్డదారిన ముందే దిగి వచ్చి ఉన్నాడు.

"బాకిస్, అది మీ నాన్న గంట కాదూ?" అన్నాడు బెంచీ మీద ఒకాయన.

గొనారియా అక్కడ సైకిలు ఆపింది. కాలు కింద పెట్టింది. ఎన్నో ఏళ్ల తరవాత ఆ నేల పాదానికి తగిలింది. మంటకి బుడగలు పొక్కినా ఎవరూ కొయ్యని, విప్పని తోలుపట్టీ అందరికీ కనబడేట్టు హ్యాండిల్ తిప్పి నిలబడింది.

బాకిస్ నాది అనలేదు. కాదనీ అనలేదు. బెంచీ మీద ఒక్కొక్కరే టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

అప్పుడు అతను తలెత్తి గొనారియా కళ్లలోకి చూశాడు. ఆ ఇంటివాళ్లు తన ఇంటివాళ్లని అలా చూడడం ఆమె ఎరగదు. ఆ చూపులో ఏమున్నా ఉండనీ. ఆమె ముఖం నెమ్మదిగా గోడవైపు తిప్పుకుంది. కాలు పెడల్ మీద పెట్టి, గంట మోగుతుండగా, ఎక్కుడు దారి పట్టింది.